విశాల క్షేత్ర స్పెక్ట్రోస్కోపీకే ఒక పెద్ద టెలిస్కోప్: తరచుగా అడిగే ప్రశ్నలు

విశ్వ విస్తరణను కొలిచే డెసీ సర్వే ఫలితాలు పత్రికల్లోకి వచ్చినప్పటి నుంచి, 2025 జూన్‌లో రూబిన్ అబ్జర్వేటరీ తొలి చిత్రాలు చూసినప్పటి నుంచి అవే సందేహాలు పదేపదే వస్తున్నాయి. ఇన్ని టెలిస్కోపులు ఉండగా ఇంకొకటి ఎందుకు? ఫోటోలు చాలవా? వేల ఫైబర్లు ఎలా కదులుతాయి? వాటికి ఒకేచోట జవాబులు ఉండాలని ఈ పేజీ. ప్రధాన ఉదాహరణ వైడ్ ఫీల్డ్ స్పెక్ట్రోస్కోపిక్ టెలిస్కోప్, అంటే డబ్ల్యూఎస్‌టీ. ఇది యూరప్, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు కలిసి రూపొందిస్తున్న 12 మీటర్ల టెలిస్కోప్ ప్రతిపాదన; ఇంకా కట్టలేదు. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదటి సందేహాలు

అంత చక్కటి ఫోటోలు ఉండగా వర్ణపటం ఎందుకు?

ఫోటో చూస్తే వస్తువు ఎక్కడుందో, ఎంత ప్రకాశంగా ఉందో, స్థూలంగా ఏ రంగులో ఉందో తెలుస్తుంది. అది ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంతో కదులుతోంది, అందులో ఏ మూలకాలున్నాయి అన్నవి మాత్రం వర్ణపటమే, అంటే కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసిన పట్టీయే చెప్పాలి. ఉదాహరణకు, హైడ్రోజన్ ఆల్ఫా రేఖ ప్రయోగశాలలో 656.3 నానోమీటర్ల దగ్గర వస్తుంది. ఒక గెలాక్సీ వర్ణపటంలో అదే రేఖ 721.9 దగ్గర కనిపిస్తే తరంగదైర్ఘ్యం పది శాతం సాగిందన్నమాట, అంటే రెడ్‌షిఫ్ట్ 0.1.

రంగుల్ని బట్టి కూడా రెడ్‌షిఫ్ట్‌ను అంచనా వేస్తారు. కానీ రెడ్‌షిఫ్ట్ 1 దగ్గర ఆ అంచనాలో ఉండే పొరపాటును దూరంగా మారిస్తే పదుల కోట్ల కాంతి సంవత్సరాలు అవుతుంది. విశ్వ విస్తరణను కొలవడానికి వాడే బేరియాన్ తరంగాల కొలబద్ద (తొలి విశ్వంలోని శబ్ద తరంగాలు గెలాక్సీల అమరికలో వదిలిన దూరం) పొడవే సుమారు 49 కోట్ల కాంతి సంవత్సరాలు. కొలబద్దంత పొరపాటు ఉన్నచోట ఆ కొలబద్దతో పని జరగదు.

విశాల క్షేత్ర స్పెక్ట్రోస్కోపీ అంటే మామూలు మాటల్లో ఏమిటి?

ఆకాశంలో ఒక పెద్ద ముక్కను ఒకేసారి చూస్తూ, అందులోని వందల, వేల వస్తువుల వర్ణపటాలను ఒకే ఎక్స్‌పోజర్‌లో తీయడం. పద్ధతులు రెండు. మొదటి పద్ధతిలో ముందే ఎంచుకున్న ఒక్కో నక్షత్రం లేదా గెలాక్సీ ప్రతిబింబం మీద ఒక్కో ఆప్టికల్ ఫైబర్ కొసను ఉంచి, ఆ కాంతిని స్పెక్ట్రోగ్రాఫ్‌కు పంపిస్తారు. రెండో పద్ధతిలో ఆకాశంలో ఒక చిన్న చదరాన్ని ఖాళీ లేకుండా వేల గడులుగా కోసి, ప్రతి గడికీ వర్ణపటం తీస్తారు. దీన్ని ఇంటెగ్రల్ ఫీల్డ్ అంటారు. డబ్ల్యూఎస్‌టీ ఈ రెండింటినీ ఒకే సమయంలో చేయాలని ఉద్దేశం: 3 చదరపు డిగ్రీల క్షేత్రంలో 20,000 ఫైబర్లు, వాటితో పాటు 3 ఆర్క్‌నిమిషాల (ఆర్క్‌నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు) భుజంతో ఒక ఇంటెగ్రల్ ఫీల్డ్ చదరం.

ఈ పని ఇప్పటికే చేస్తున్నవాళ్లు ఉన్నారు కదా?

ఉన్నారు, చాలా బాగా చేస్తున్నారు. న్యూ మెక్సికోలోని 2.5 మీటర్ల స్లోన్ టెలిస్కోప్ ఈ రంగానికి దారి వేసింది. అక్కడ మొదట్లో ప్రతి క్షేత్రానికీ ఒక అల్యూమినియం పలకలో 640 రంధ్రాలు తొలిచేవారు, పగటిపూట మనుషులు కూర్చుని ఒక్కో రంధ్రంలో ఒక్కో ఫైబర్‌ను చేత్తో గుచ్చేవారు. చైనాలోని లామోస్ట్ 4,000 ఫైబర్లతో రెండు కోట్లకు పైగా వర్ణపటాలు తీసింది. అరిజోనాలోని కిట్ పీక్ మీద 4 మీటర్ల మాయల్ టెలిస్కోప్‌కు అమర్చిన డెసీలో 5,000 రోబో ఫైబర్లున్నాయి. సర్వే 2021 మేలో మొదలైంది. హవాయిలోని 8.2 మీటర్ల సుబారు టెలిస్కోప్ మీద పీఎఫ్‌ఎస్ పరికరం దాదాపు 2,400 ఫైబర్లతో 2025లో సైన్స్ పరిశీలనలకు దిగింది. చిలీలోని 4.1 మీటర్ల విస్టా టెలిస్కోప్ మీద ఫోర్‌మోస్ట్ పరికరం 2,400 పైచిలుకు ఫైబర్లతో అదే ఏడాది తొలి కాంతి చూసింది.

వీటిలో క్షేత్రం విశాలంగా ఉన్నవాటికి అద్దం చిన్నది. అద్దం పెద్దదైన సుబారులో ఈ పరికరం వంతుకు వచ్చే రాత్రులు కొన్నే, మిగతావి వేరే పరికరాలకు పోతాయి. పెద్ద అద్దం, విశాల క్షేత్రం, ఏడాది పొడవునా ఇదే పని: ఈ మూడూ కలిసినది ఇప్పటిదాకా లేదు.

రూబిన్ అబ్జర్వేటరీ ఆకాశమంతా తీస్తోంది కదా, మళ్లీ ఇదెందుకు?

రూబిన్ ఉంది కాబట్టే ఇది కావాలి. చిలీలోని సెర్రో పచోన్ మీద ఉన్న ఆ 8.4 మీటర్ల టెలిస్కోప్ 3.2 గిగాపిక్సెల్ కెమెరాతో ఒక్కో చిత్రానికి 9.6 చదరపు డిగ్రీలు తీస్తుంది. పదేళ్లలో సుమారు 2,000 కోట్ల గెలాక్సీలను నమోదు చేస్తుందని అంచనా. కానీ అందులో స్పెక్ట్రోగ్రాఫ్ లేదు. అది చూపించే గెలాక్సీల్లో అత్యధికం 4 మీటర్ల టెలిస్కోపులకు అందనంత మసకవి. డబ్ల్యూఎస్‌టీ తొలి అయిదేళ్లలో 25 కోట్ల గెలాక్సీలు, 2.5 కోట్ల నక్షత్రాల వర్ణపటాలు తీయాలన్నది 2024లో వెలువడిన శ్వేతపత్రంలోని లక్ష్యం. అంత చేసినా రూబిన్ జాబితాలో నూటికి రెండు వంతులు కూడా కాదు. అయితే ఆ భాగాన్ని జాగ్రత్తగా ఎంచుకుంటే, మిగతా వాటికి రంగుల ద్వారా వేసే దూరపు అంచనాలను దానితో సరిదిద్దుకోవచ్చు.

39 మీటర్ల ఈఎల్‌టీ వస్తోంది, అది చాలదా?

చాలదు, దాని పని వేరు. చిలీలో కడుతున్న ఈ యూరప్ టెలిస్కోప్ క్షేత్రం వ్యాసం సుమారు 10 ఆర్క్‌నిమిషాలు, అంటే 0.022 చదరపు డిగ్రీలు. 3 చదరపు డిగ్రీలు అందులో దాదాపు 140 రెట్లు. ఒక అరుదైన, అతి మసక వస్తువును లోతుగా చూడాలంటే ఈఎల్‌టీకి సాటి లేదు. ఆ అరుదైన వస్తువు ఎక్కడుందో కోట్లలోంచి ఏరి చూపించేది మాత్రం విశాల క్షేత్ర టెలిస్కోపే.

జేమ్స్ వెబ్ కూడా ఒకేసారి చాలా వర్ణపటాలు తీస్తుందిగా?

తీస్తుంది. ఆ అంతరిక్ష టెలిస్కోప్‌లోని నిర్‌స్పెక్ స్పెక్ట్రోగ్రాఫ్‌లో దాదాపు రెండున్నర లక్షల చిన్న తలుపులున్నాయి. అయితే క్షేత్రం భుజం మూడున్నర ఆర్క్‌నిమిషాలే, ఒక విడతలో అందేవి వంద, రెండు వందల వస్తువులు. పరారుణంలో అది చూసేది భూమి మీంచి చూడలేం. కోట్ల సంఖ్యలో చేసే సర్వేకు దాన్ని వాడలేం.

## డిజైన్ గురించి

12 మీటర్లే ఎందుకు? 8 మీటర్లు సరిపోవా, 20 ఐతే ఇంకా మంచిది కదా?

కాంతి సేకరణ అద్దం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 4 మీటర్ల అద్దం కంటే 12 మీటర్లది 9 రెట్లు ఎక్కువ కాంతిని పడుతుంది. ఆకాశపు వెలుగే ప్రధాన అడ్డంకి అయినప్పుడు, అదే నాణ్యతకు పట్టే సమయం కూడా దాదాపు అదే నిష్పత్తిలో తగ్గుతుంది: 4 మీటర్ల దాని మీద 4 గంటలు పట్టే వస్తువు 12 మీటర్ల దాని మీద సుమారు 27 నిమిషాల్లో అవుతుంది. 8 మీటర్ల దానితో అదే పనికి గంట పడుతుంది. ఒక్క వస్తువుకైతే పర్వాలేదు, కోట్ల వస్తువులకైతే సర్వే రెండింతలు సాగుతుంది.

20 మీటర్ల దగ్గర ఇబ్బంది వేరే. అద్దం పెరిగేకొద్దీ అంతే క్షేత్రానికి దిద్దుబాటు కటకాలు కూడా పెరగాలి. మీటరు దాటిన మచ్చలేని గాజు కటకాలు చేయించడం ఇప్పటికే కష్టం. మా దృష్టిలో 10 నుంచి 12 మీటర్ల మధ్య ఆగడం పొదుపు కోసం చేసిన రాజీ కాదు, గాజు పెట్టిన హద్దు.

ఒక సర్వే టెలిస్కోప్ సత్తాను ఏ ఒక్క అంకెతో పోల్చాలి?

అద్దం వైశాల్యాన్ని క్షేత్రంతో గుణించి చూడండి. మధ్యలో అడ్డుపడే భాగాలను వదిలేసి స్థూలంగా వేస్తే, ఫోర్‌మోస్ట్‌కు 13 చదరపు మీటర్లను 4.2 చదరపు డిగ్రీలతో గుణిస్తే 55. సుబారు పీఎఫ్‌ఎస్‌కు 53ను 1.25తో గుణిస్తే 66. డెసీకి 11ను 8తో గుణిస్తే 90 దగ్గర. డబ్ల్యూఎస్‌టీకి 113ను 3తో గుణిస్తే దాదాపు 340.

ఈ అంకె ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ఫైబర్లు తక్కువైతే క్షేత్రం ఎంత ఉన్నా వృథా. ఏడాదిలో పరికరం నిజంగా ఎన్ని రాత్రులు పనిచేస్తుందన్నది ఇందులో కనబడదు; ఆ పనికే కేటాయించిన టెలిస్కోప్ ఎక్కువ లాభపడేది అక్కడే.

20,000 ఫైబర్లు ఒక చోట ఎలా పడతాయి?

లెక్క వేసి చూద్దాం. 12 మీటర్ల టెలిస్కోప్ నాభి నిష్పత్తి 3 అనుకుంటే నాభ్యంతరం 36 మీటర్లు. అప్పుడు ఆకాశంలో ఒక ఆర్క్‌సెకండ్ (డిగ్రీలో 3,600వ వంతు) నాభితలం మీద, అంటే ప్రతిబింబం ఏర్పడే తలం మీద, 175 మైక్రాన్లు అవుతుంది. 2 డిగ్రీల వ్యాసం ఉన్న క్షేత్రానికి నాభితలం దాదాపు 1.26 మీటర్ల వ్యాసంతో వస్తుంది. అందులో 20,000 ఫైబర్లు అమర్చాలంటే ఒక్కోదానికి దక్కేది 62 చదరపు మిల్లీమీటర్లు. పక్కపక్క రోబోల కేంద్రాల మధ్య దూరం సుమారు 8.5 మిల్లీమీటర్లు. డెసీలో ఈ దూరం 10.4 మిల్లీమీటర్లు.

ఒక్కో రోబోలో రెండు చిన్న మోటార్లు ఉంటాయి. ఒకటి మొత్తం చేతిని తిప్పుతుంది, రెండోది దాని చివరన ఉన్న మోచేతిని తిప్పుతుంది. ఈ రెండు తిరుగుళ్లతో ఫైబర్ కొస తన చుట్టూ ఉన్న చిన్న వలయంలో ఏ బిందువుకైనా చేరగలదు. పక్క రోబోల వలయాలు కొద్దిగా ఒకదానిమీదొకటి పడేలా పెడతారు. లేకపోతే మధ్యలో ఎవరికీ అందని ఖాళీలు మిగులుతాయి. ఆ అతివ్యాప్తి వల్లే చేతులు ఢీకొనే ప్రమాదం కూడా వస్తుంది, కాబట్టి ప్రతి కదలికకూ ముందు సాఫ్ట్‌వేర్ అన్ని దారులనూ సరిచూడాలి.

అద్దం పెద్దదైతే స్పెక్ట్రోగ్రాఫ్ కూడా ఎందుకు పెద్దదవుతుంది?

వాతావరణం నక్షత్రాన్ని ఒక చుక్కగా ఉండనివ్వదు, ఒక ఆర్క్‌సెకండ్ మేర పరుస్తుంది. డెసీలో నాభ్యంతరం తక్కువ కాబట్టి 107 మైక్రాన్ల ఫైబర్‌లో 1.5 ఆర్క్‌సెకండ్ల ఆకాశం ఇమిడింది. 36 మీటర్ల నాభ్యంతరంతో 107 మైక్రాన్లలో 0.6 ఆర్క్‌సెకండ్లే పడుతుంది, నక్షత్రపు కాంతి చాలా వరకు బయటే పోతుంది. అందుకని మందమైన ఫైబర్ పెట్టాలి. మందమైన ఫైబర్ అంటే వెడల్పైన చీలిక, వెడల్పైన చీలిక అంటే తక్కువ రిజల్యూషన్, అంటే దగ్గర దగ్గర రేఖలను విడదీసే శక్తి తగ్గడం. దాన్ని తిరిగి రాబట్టాలంటే స్పెక్ట్రోగ్రాఫ్‌లోని కాంతిపుంజాన్ని, గ్రేటింగ్‌ను (కాంతిని రంగులుగా విడదీసే గీతల పలకను), కెమెరాను పెంచాలి. ఇలాంటివి పదులకొద్దీ కావాలి. ఖర్చు కొండెక్కేది ముఖ్యంగా ఇక్కడే, అద్దం దగ్గర కాదు.

తక్కువ రిజల్యూషన్, ఎక్కువ రిజల్యూషన్ రెండూ ఎందుకు?

తరంగదైర్ఘ్యాన్ని, విడదీయగల అతిచిన్న తేడాతో భాగిస్తే వచ్చేదే రిజల్యూషన్ అంకె. గెలాక్సీకి 3,000 నుంచి 4,000 రిజల్యూషన్ చాలు. వేగంలో చెప్పాలంటే సెకనుకు 75 నుంచి 100 కిలోమీటర్ల వివరం. నక్షత్రంలోని మూలకాల లెక్క తీయాలంటే 40,000 దాకా కావాలి, అంటే సెకనుకు 7.5 కిలోమీటర్లు. యూరోపియం రేఖ 413 నానోమీటర్ల దగ్గర సన్నగా, చుట్టూ వేరే రేఖల గుంపుతో ఉంటుంది. 4,000 రిజల్యూషన్‌లో అది పక్కవాటితో కలిసిపోతుంది. ఎక్కువ రిజల్యూషన్‌లో కాంతి ఎక్కువ పిక్సెళ్లలోకి చెదురుతుంది కాబట్టి ప్రకాశవంతమైన నక్షత్రాలకే అది వాడతారు. డబ్ల్యూఎస్‌టీ అయిదేళ్ల లక్ష్యంలో అలాంటివి 20 లక్షలు.

ఇన్ని ఫైబర్లు ఉండగా ఇంటెగ్రల్ ఫీల్డ్ అదనపు భారం కాదా?

కాదు. ఫైబర్ పెట్టాలంటే అక్కడ వస్తువు ఉందని ముందే తెలియాలి. తెలియనివాటిని పట్టుకునేది ఇంటెగ్రల్ ఫీల్డే. చిలీలోని వీఎల్‌టీ (వెరీ లార్జ్ టెలిస్కోప్) మీద ఉన్న మ్యూస్ పరికరం ఒక ఆర్క్‌నిమిషం చదరంలో ఒకేసారి 90,000 వర్ణపటాలు తీస్తుంది. హబుల్ టెలిస్కోప్ అతి లోతుగా తీసిన ఆకాశపు ముక్క అయిన హబుల్ అల్ట్రా డీప్ ఫీల్డ్‌ను అది చూసినప్పుడు, హబుల్ చిత్రాల్లో జాడ కనబడని 72 గెలాక్సీలను లైమన్ ఆల్ఫా అనే హైడ్రోజన్ రేఖ కాంతిలో పట్టుకుంది. ఆ ఫలితాలు 2017లో వచ్చాయి. డబ్ల్యూఎస్‌టీ చదరం వైశాల్యం దానికి తొమ్మిది రెట్లు. ఫైబర్ సర్వే ఎటు చూస్తే ఇదీ అటే చూస్తూ అయిదేళ్లలో 400 కోట్ల వర్ణపటాలు పోగుచేస్తుందని అంచనా.

## రాత్రి పరిశీలన

ఒక ఎక్స్‌పోజర్‌కు ముందు అసలేం జరుగుతుంది?

డెసీలో జరిగే వరుస ఇది. ముందుగా సాఫ్ట్‌వేర్ ఏ ఫైబర్‌కు ఏ వస్తువో కేటాయిస్తుంది. టెలిస్కోప్ కొత్త క్షేత్రం వైపు తిరుగుతుండగానే పాత ఎక్స్‌పోజర్ డేటా సీసీడీల (కాంతిని నమోదు చేసే చిప్‌ల) నుంచి చదవబడుతుంది. నాభితలం అంచున ఉన్న కెమెరాలు కొన్ని నక్షత్రాలను తీసి, గాయా ఉపగ్రహం తయారుచేసిన నక్షత్రాల జాబితాతో సరిపోల్చి, టెలిస్కోప్ కచ్చితంగా ఎటు చూస్తోందో తేలుస్తాయి. రోబోలు తమ స్థానాలకు మొదటి విడత కదులుతాయి. తర్వాత స్పెక్ట్రోగ్రాఫ్ వైపు నుంచి ఫైబర్లలోకి వెనక్కి కాంతి పంపుతారు. 5,000 కొసలూ వెలుగుతాయి. ప్రధాన అద్దం మధ్య రంధ్రం దగ్గరున్న కెమెరా వాటిని ఫోటో తీస్తుంది. ఏ కొస ఎంత తప్పిందో కొలిచి, రెండో విడత కదిపి, మళ్లీ చూస్తారు. కొసలు కొద్ది మైక్రాన్ల తేడాలోకి వచ్చాక వెనక కాంతి ఆర్పి షట్టర్లు తెరుస్తారు. ఇదంతా రెండు, మూడు నిమిషాల్లో ముగియాలి.

ఆ నిమిషాల విలువ చిన్నది కాదు. 27.5 కోట్ల వస్తువులను అయిదేళ్లలో, ఏడాదికి 300 రాత్రుల చొప్పున చేయాలంటే రాత్రికి 1.8 లక్షలు. 20,000 ఫైబర్లూ నిండినా రాత్రికి తొమ్మిది క్షేత్రాలు పూర్తికావాలి.

ఆకాశపు వెలుగును వర్ణపటంలోంచి ఎలా తీసేస్తారు?

మసక గెలాక్సీల విషయంలో పరీక్ష ఇదే. చీకటి కొండ మీద కూడా ఆకాశం ఒక చదరపు ఆర్క్‌సెకండ్‌కు 22వ మాగ్నిట్యూడ్ దాకా వెలుగుతుంది (మాగ్నిట్యూడ్ అంకె పెరిగేకొద్దీ వస్తువు మసక). 24వ మాగ్నిట్యూడ్ గెలాక్సీ దానికన్నా 6 రెట్లు మసక. ఆకాశాన్ని అంచనా కట్టడంలో ఒక్క శాతం తప్పితే గెలాక్సీ కాంతిలో ఆరు శాతం తప్పు వస్తుంది.

అందుకని కొన్ని ఫైబర్లను కావాలనే ఖాళీ ఆకాశం మీద పెడతారు. డెసీలో పది విభాగాల్లో ఒక్కోదానికి కనీసం 40. వాటి నుంచి ఆకాశ నమూనా కట్టి మిగతావాటిలోంచి తీసేస్తారు. ప్రతి ఫైబర్ కాంతిని ఒకేలా పంపదు, ప్రతిదాని రేఖాకారం కొద్దిగా వేరు. ఆ తేడాను సరిచేయకుండా తీసివేస్తే, 700 నానోమీటర్లు దాటాక దట్టంగా ఉండే, మన వాతావరణంలోని హైడ్రాక్సిల్ అణువుల రేఖల దగ్గర పంటిగాట్ల లాంటి మిగుళ్లు వస్తాయి. వాటిని గెలాక్సీ రేఖలుగా పొరబడితే తప్పు రెడ్‌షిఫ్ట్ వస్తుంది.

ఎక్కువగా ఏవి చెడిపోతాయి?

రోబో మోటార్లు. కొన్ని బిగుసుకుపోతాయి, కొన్ని చెప్పినంత తిరగవు. బిగుసుకున్న దాన్ని పొరుగు రోబోల దారిలో అడ్డంగా లెక్కేసుకుని మిగతావాటితో పని సాగిస్తారు. దాని ఫైబర్ ఖాళీ చోట పడితే ఆకాశ నమూనాకు వాడుకుంటారు.

రెండోది ఫైబర్ ఒత్తిడి. కొసను సరిగా అతికించకపోయినా, తీగ ఎక్కడైనా గట్టిగా వంగినా, లోపలికి వెళ్లిన కాంతిశంకువు బయటికి వచ్చేటప్పటికి వెడల్పవుతుంది. స్పెక్ట్రోగ్రాఫ్ ఆ అంచు కాంతిని పట్టలేదు. ఫైబర్ పొడవు కూడా చూసుకోవాలి. డెసీలో అది దాదాపు 50 మీటర్లు. 400 నానోమీటర్ల కన్నా తక్కువ తరంగదైర్ఘ్యాల కాంతి గాజులో త్వరగా హరించుకుపోతుంది కాబట్టి నీలం వైపు సైన్స్ కావాలనుకుంటే స్పెక్ట్రోగ్రాఫులను టెలిస్కోప్‌కు వీలైనంత దగ్గర పెట్టాలి.

బయటి ప్రమాదాలూ ఉంటాయి. 2022 జూన్‌లో కాంట్రెరాస్ కార్చిచ్చు కిట్ పీక్ కొండను చుట్టేసింది. టెలిస్కోప్ దక్కింది గాని డెసీ సర్వే నెలల తరబడి ఆగింది.

వెన్నెల రాత్రుల్లో టెలిస్కోప్ ఖాళీగా ఉంటుందా?

ఉండదు. వెన్నెల నీలం వైపు ఆకాశాన్ని బాగా వెలిగిస్తుంది కాబట్టి మసక గెలాక్సీలను పక్కన పెట్టి నక్షత్రాలను, దగ్గరి ప్రకాశవంతమైన గెలాక్సీలను చూస్తారు. డెసీలో చీకటి రాత్రుల కార్యక్రమం, వెన్నెల రాత్రుల కార్యక్రమం వేర్వేరుగానే ఉన్నాయి.

## సైన్స్

డార్క్ ఎనర్జీ మారుతోందని వార్తలొచ్చాయి, నిజంగా తేలిందా?

తేలలేదు. విశ్వ విస్తరణను వేగవంతం చేస్తోందని భావించేదాన్ని డార్క్ ఎనర్జీ అంటారు. డెసీ 2025 మార్చిలో మూడేళ్ల డేటాతో, దాదాపు 1.5 కోట్ల గెలాక్సీలు, క్వేజార్ల (అతి ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రాల) ఆధారంగా ఫలితాలు ఇచ్చింది. డెసీ కొలతలను మాత్రమే తీసుకుంటే డార్క్ ఎనర్జీ మారని స్థిరాంకమే అనే నమూనాతో సరిపోతాయి. విశ్వ నేపథ్య వికిరణం, సూపర్‌నోవాల కొలతలు కలిపినప్పుడు, కాలంతో బలహీనపడే డార్క్ ఎనర్జీ వైపు 2.8 నుంచి 4.2 సిగ్మా మొగ్గు కనిపిస్తుంది (సిగ్మా అంకె పెరిగేకొద్దీ అది యాదృచ్ఛికమయ్యే అవకాశం తగ్గుతుంది). ఏ సూపర్‌నోవా జాబితా కలిపారన్నదాన్ని బట్టి ఆ అంకె మారుతుంది. భౌతికశాస్త్రంలో ఆవిష్కరణ అనడానికి ఆనవాయితీ 5 సిగ్మా. కలిపే డేటాను బట్టి బలం మారుతున్నప్పుడు తొందరపడకపోవడమే సబబు. ఇంతకన్నా దూరపు గెలాక్సీలతో స్వతంత్రంగా కొలిస్తేనే చర్చ ముందుకు కదులుతుంది.

ఇంకా దూరం వెళ్తే కొత్తగా తెలిసేదేమిటి?

డెసీ ఉద్గార రేఖల గెలాక్సీలను ఆక్సిజన్ జంట రేఖతో గుర్తిస్తుంది. అది 372.7 నానోమీటర్ల దగ్గర పుట్టి, పరికరం చివరి అంచైన 980 దాకా సాగేసరికి రెడ్‌షిఫ్ట్ 1.6 అవుతుంది. అక్కడితో ఆ రేఖ కనుమరుగు. ఆ పైన డెసీకి దొరికేవి ప్రధానంగా క్వేజార్లు, అవి పలుచగా ఉంటాయి.

రెడ్‌షిఫ్ట్ 2 దాటాక లైమన్ ఆల్ఫా, 121.6 నానోమీటర్ల రేఖ, 365 దగ్గర దృశ్య పరికరాల పరిధిలోకి అడుగుపెడుతుంది. దానితో మామూలు గెలాక్సీలనే పట్టుకోవచ్చు. కానీ అవి చాలా మసక, 4 మీటర్ల అద్దంతో కోట్లలో తీయడం అయ్యేపని కాదు. 12 మీటర్లు అవసరమయ్యే సైన్స్‌లో మొదటిది ఇదే. అంత దూరంలో విశ్వం ఘనపరిమాణం ఎక్కువ, పదార్థం గుమిగూడటం ఇంకా తొలి దశలో ఉంటుంది కాబట్టి గణితం కూడా తేలిక. న్యూట్రినోల మొత్తం ద్రవ్యరాశి, విశ్వారంభంలోని ఒడుదొడుకుల స్వభావం లాంటివాటికి అక్కడ నుంచి గట్టి జవాబులు రావచ్చు.

పాలపుంత గురించి గాయా చెప్పేసింది కదా, ఇంకేం మిగిలింది?

గాయా మూడో విడుదలలో 180 కోట్ల నక్షత్రాల స్థానాలున్నాయి. వాటిలో మనవైపు వచ్చే, మన నుంచి పోయే వేగం తెలిసినవి 3.3 కోట్లే, అవీ ప్రకాశవంతమైనవి. మసక నక్షత్రాలకు ఆ మూడో దిశ వేగం, రసాయన కూర్పు రెండూ కావాలి.

నక్షత్రం తన పుట్టుక నాటి మూలకాల పాళ్లను బయటి పొరల్లో చాలావరకు దాచుకుంటుంది. దాదాపు వెయ్యి కోట్ల ఏళ్ల కిందట మన పాలపుంత ఒక చిన్న గెలాక్సీని మింగిందని 2018లో తేలింది. గాయా ఇచ్చిన కదలికల వల్లనూ, వర్ణపటాలు ఇచ్చిన రసాయన కూర్పు వల్లనూ అది సాధ్యమైంది. అలాంటి చిన్న విలీనాల జాడలు గెలాక్సీ పొలిమేరల్లో ఉన్నాయి. అక్కడి నక్షత్రాలు 4 మీటర్ల టెలిస్కోపులకు భారమైనంత మసకవి. బంగారం, యూరోపియం లాంటి బరువు మూలకాలు న్యూట్రాన్ నక్షత్రాల ఢీలోనే పుట్టాయా, వేరే మూలాలున్నాయా అన్నదానికీ లక్షల నక్షత్రాల్లో యూరోపియం పాళ్లు కొలవాలి.

సూపర్‌నోవాలు, గురుత్వ తరంగాల సంఘటనలకు ఇది ఎలా పనికొస్తుంది?

రూబిన్ రాత్రికి కోటి దాకా మార్పు హెచ్చరికలు పంపేలా రూపొందింది. ఒక్కోదాని వెనక టెలిస్కోప్ తిప్పలేం. కానీ 3 చదరపు డిగ్రీల క్షేత్రంలో ఏ రాత్రయినా కొన్ని తాజా విస్ఫోటాలు ఉండనే ఉంటాయి. మామూలు సర్వే చేస్తూనే కొన్ని ఫైబర్లు వాటి మీద పెడితే అదనపు ఖర్చు లేకుండా వర్ణపటం వస్తుంది. విస్ఫోటం ఆరిపోయాక కూడా అది జరిగిన గెలాక్సీ రెడ్‌షిఫ్ట్ తీస్తే దూరపు లెక్క నిలబడుతుంది.

గురుత్వ తరంగాలకు ఇంకా సూటి ఉపయోగం ఉంది. 2017 ఆగస్టు 17 నాటి న్యూట్రాన్ నక్షత్రాల విలీనాన్ని సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో 11 గంటల్లో కనుక్కోగలిగారంటే, అది దగ్గరది కాబట్టి. దూరపు సంఘటనల్లో అనుమానిత ప్రాంతంలో వేల గెలాక్సీలుంటాయి. వాటన్నిటి రెడ్‌షిఫ్ట్‌లు ముందే చేతిలో ఉంటే వెతుకులాట చాలా కుదించుకుపోతుంది.

యంత్రం ఇచ్చిన రెడ్‌షిఫ్ట్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

రెండు మూడు రేఖలు ఒకే రెడ్‌షిఫ్ట్‌కు సరిపడితే నిశ్చింతగా నమ్మవచ్చు. ఒకే రేఖ కనబడితే జాగ్రత్త పడాలి. ఆక్సిజన్ రేఖ నిజానికి 372.6, 372.9 దగ్గర జంట. రెడ్‌షిఫ్ట్ 1 దగ్గర ఆ ఎడం 0.56 నానోమీటర్లు అవుతుంది. 4,000 రిజల్యూషన్‌లో ఆ రెండు శిఖరాలూ విడివిడిగా కనబడతాయి, ఇక అనుమానం ఉండదు. లైమన్ ఆల్ఫా అయితే ఒకటే శిఖరం, నీలం వైపు నిట్టనిలువుగా, ఎరుపు వైపు వాలుగా ఉంటుంది. కోట్ల వర్ణపటాలను కంటితో చూడలేం కాబట్టి ఒక చిన్న నమూనాను మనుషులు చూసి యంత్రం తప్పుల శాతాన్ని కొలుస్తారు. ఆ శాతం తెలియకుండా వాడిన జాబితా విశ్వశాస్త్రానికి పనికిరాదు.

## మన దగ్గర

మన దేశంలో ఇలాంటిది ఉందా? తెలుగు నేలకు ఈ రంగంతో సంబంధం ఉందా?

వేల ఫైబర్ల పరికరం మన దగ్గర లేదు. లద్దాఖ్‌లోని హన్లేలో 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ ఉంది, దాన్ని బెంగళూరు దగ్గరి హొసకోటె నుంచి నడుపుతారు. ఉత్తరాఖండ్‌లోని దేవస్థల్‌లో 3.6 మీటర్ల టెలిస్కోప్ ఉంది. హెచ్చరిక వచ్చిన ఒక్కో సంఘటనను వరుస రాత్రులు వెంటాడటంలో ఇవి పెద్ద సర్వేలకు చక్కటి తోడు.

సంబంధం మాత్రం పాతదే. హైదరాబాద్‌లోని నిజామియా వేధశాల గత శతాబ్దం మొదట్లో అంతర్జాతీయ ఆకాశ చిత్రపట పథకంలో దక్షిణ ఆకాశంలోని −17 నుంచి −23 డిగ్రీల పట్టీ బాధ్యత తీసుకుని, గాజు పలకల మీద లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచింది. ఆ వేధశాలలో పనిచేసిన వ్యక్తి కొడుకు, నిజాం కాలేజీ విద్యార్థి వైను బప్పు ఓలిన్ విల్సన్‌తో కలిసి 1957లో ప్రచురించిన ఫలితం పూర్తిగా స్పెక్ట్రోస్కోపీయే: అయనీకృత కాల్షియం కె రేఖలోని ఉద్గారం వెడల్పును కొలిస్తే చల్లని నక్షత్రం అసలు ప్రకాశం తెలుస్తుంది. కావలూరులోని 2.34 మీటర్ల టెలిస్కోప్‌కు ఆయన పేరే పెట్టారు.

డిగ్రీ విద్యార్థిని, టెలిస్కోప్ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

డేటా ఉచితం. స్లోన్ సర్వే వెబ్‌సైట్లో ఒక గెలాక్సీని ఎంచుకుని దాని వర్ణపటం దింపుకోవచ్చు. డెసీ మొదటి విడుదల 2025 మార్చిలో వచ్చింది: 1.87 కోట్ల వస్తువులు, మొత్తం 270 టెరాబైట్లు. అంతా దింపుకోనక్కర్లేదు, కావలసిన వర్ణపటాలను మాత్రమే అడిగి తెచ్చుకునే సేవలున్నాయి. పైథాన్ ప్రోగ్రామింగ్, అందులో ఖగోళ లెక్కలకు వాడే ఆస్ట్రోపై లైబ్రరీ వస్తే చాలు.

మొదటి అభ్యాసంగా నక్షత్రాలు పుడుతున్న ఒక దగ్గరి గెలాక్సీని తీసుకోండి. బలమైన ఉద్గార రేఖలు గుర్తించండి. హైడ్రోజన్ ఆల్ఫా, బీటా అని మీరనుకున్న రేఖల తరంగదైర్ఘ్యాల నిష్పత్తి తీయండి. రెడ్‌షిఫ్ట్ ఎంతైనా అది 1.350 రావాలి. రాకపోతే మీ గుర్తింపు తప్పు. వచ్చాక ఒక్కో రేఖ నుంచి విడివిడిగా రెడ్‌షిఫ్ట్ లెక్కేసి, సర్వే ఇచ్చిన విలువతో పోల్చండి.

కొత్తవాళ్లు తడబడేది రెండు చోట్ల. స్లోన్ ఫైళ్లలో తరంగదైర్ఘ్యం పది ఆధారపు లాగరిథంగా ఉంటుంది, 3.8573 కనిపిస్తే అది 7,200 ఆంగ్‌స్ట్రామ్‌లు. రెండోది, ఆ విలువలు శూన్యంలోవి. పాఠ్యపుస్తకంలోని 6562.8 గాలిలోది, శూన్యంలో 6564.6. తప్పుదానితో పోలిస్తే గెలాక్సీ వేగంలో సెకనుకు 80 కిలోమీటర్ల తేడా వస్తుంది.